160 ఎకరాలు నిజంగా ఊరికే ఇచ్చారా? డేనియల్ ఫ్రీమన్ కుటుంబం సంగతి

తుమ్మచెట్టు:
అక్కడే ఉండి సాగు చేసేవాళ్లకి ప్రభుత్వ భూమి 160 ఎకరాలు ఇచ్చే హోమ్‌స్టెడ్ చట్టం కింద అమెరికాలో మొట్టమొదట భూమి తీసుకున్నది నెబ్రాస్కాలో బియాట్రిస్ దగ్గర ఉన్న డేనియల్ ఫ్రీమన్ అని చదివాను. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. ఊరికే ఇచ్చారంటే పైసా కట్టకుండానేనా? ఏం చేసి చూపిస్తే పట్టా చేతికొచ్చేది? ఇంకోటి, గడ్డిపెళ్లలతో, అంటే గడ్డి వేళ్లతో సహా కోసిన మట్టిపెళ్లలతో, కట్టిన ఇంట్లో పెళ్లాం పిల్లలతో అన్నేళ్లు ఎలా ఉన్నాడు, నాలుగు వానలకి కూలిపోదా?

పాతదస్తావేజు:
డబ్బు సంగతి ముందు చెప్తాను. దరఖాస్తుకి 10 డాలర్లు, ల్యాండ్ ఆఫీసు కమిషన్ 2 డాలర్లు, చివర్లో పట్టాకి 6. మొత్తం 18. ఇందులో భూమి ధర లేదు, అన్నీ రుసుములే. అసలు ఖర్చు ఎడ్లకి, నాగలికి, విత్తనాలకి, మొదటి పంట ఇంటికొచ్చేదాకా తిండికి. ఆ డబ్బు లేనివాళ్లే మధ్యలో వదిలేసి పోయారు.

అధ్యక్షుడు లింకన్ ఈ చట్టం మీద సంతకం పెట్టింది 1862 మే 20న, అమల్లోకి వచ్చింది 1863 జనవరి 1న. 21 ఏళ్లు నిండాలి, లేదా ఇంటి పెద్ద అయ్యుండాలి. పౌరసత్వం ఉండాలి, లేకపోతే తీసుకుంటానని ముందే రాసివ్వాలి. అమెరికా ప్రభుత్వం మీద ఆయుధం పట్టి ఉండకూడదు. పెళ్లికాని ఆడవాళ్లు, వితంతువులు తమ పేరు మీదే తీసుకోవచ్చు. భర్తతో కాపురం చేస్తున్న ఆడమనిషికి మామూలుగా ఆ వీలు లేదు.

ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చెయ్యాలి, ఏడేళ్లలోపు రుజువు పెట్టుకోవాలి. ఆరు నెలలకు మించి ఇల్లు వదిలి ఎటైనా పోతే హక్కు ఎగిరిపోయినట్టే, ఇంకొకడు వచ్చి అదే భూమికి దరఖాస్తు పెట్టచ్చు. అన్నేళ్లు ఆగలేనివాడు ఆరు నెలలున్నాక ఎకరానికి 1.25 డాలర్ల చొప్పున, అంటే మొత్తానికి 200 డాలర్లు కట్టి కొనేసుకోవచ్చు.

ఫ్రీమన్ కాగితాలు నేటికీ ఉన్నాయి. బ్రౌన్‌విల్ ల్యాండ్ ఆఫీసులో దరఖాస్తు నంబరు 1. కొత్త సంవత్సరం రోజు అర్ధరాత్రి దాటగానే గుమాస్తా చేత ఆఫీసు తలుపు తెరిపించాడని చెప్పుకుంటారు. ఆ రోజు దేశంలో మిగతాచోట్ల కూడా చాలామంది పెట్టారు కాబట్టి ‘మొట్టమొదటి’ అనడం కన్నా ‘మొదటివాళ్లలో ఒకడు’ అనడమే సబబు. 1868 జనవరిలో ఇద్దరు సాక్షులు వచ్చి వాంగ్మూలం ఇచ్చారు: 14×20 అడుగుల ఇల్లు, కొంత దుంగలది కొంత చెక్కది, రెండు తలుపులు, రెండు కిటికీలు, చెక్కనేల, దున్ని కంచె వేసిన భూమి సుమారు 35 ఎకరాలు, పశువుల కొట్టం, 100 అడుగుల పొడుగు గొర్రెల పాక, మొక్కజొన్న గాదె, 40 ఆపిల్ చెట్లు, 400 దాకా పీచ్ చెట్లు. పట్టా వచ్చింది 1869 సెప్టెంబరులో. ఐదేళ్లు కష్టపడితే సాగులోకి వచ్చింది 35 ఎకరాలే, చూడండి. మిగతా 125 మీద అప్పటికింకా నాగలి పడలేదు.

పలుగూపారా:
పైన ఇంటి వివరం చూశారుగా, దుంగల ఇల్లు. ఫ్రీమన్‌ది గడ్డిపెళ్లల ఇల్లు కానే కాదు. ఆయన భూమిలోంచి కబ్ క్రీక్ అనే వాగు పారుతుంది, గట్టున చెట్లున్నాయి. కలపా నీళ్లూ రెండూ గడపలోనే. అందుకే ఆయన్ని చూసి మిగతావాళ్ల బతుకు అంచనా వెయ్యకూడదు. చెట్టనేది లేని పడమటి మైదానాల్లోకి పోయినవాళ్లకే గడ్డిపెళ్లలు దిక్కయ్యాయి.

మీ మూడో ప్రశ్న వాళ్లకి వర్తిస్తుంది. పెళ్లలు కొయ్యడానికి గ్రాస్‌హాపర్ అనే నాగలి వాడేవారు. దానికి మట్టిని తిరగేసే రెక్క బదులు ఇనప చువ్వలుంటాయి, పట్టీ విరక్కుండా బోర్లా పడుతుంది. అడుగు వెడల్పు, 4 అంగుళాల మందం. దాన్ని పారతో మూడేసి అడుగులకి నరకడమే. ఒక్కొక్కటి 20 కిలోలకి పైనే తూగుతుంది. వేళ్లు దట్టంగా అల్లుకున్న గడ్డినేల కావాలి, అదీ తడి మీద ఉన్నప్పుడే కొయ్యాలి. ఏ రోజు పేర్చేవి ఆ రోజే కొయ్యాలి. రాత్రి వదిలేస్తే ఎండి మర్నాటికి చేతిలోనే పొడైపోతుంది.

లెక్క వేసి చూడండి. లోపల 16×20 అడుగుల గది, గోడ మందం 2 అడుగులు, ఎత్తు ఏడున్నర. సుమారు 1,200 పెళ్లలు పడతాయి, అంటే 8 సెంట్ల పైచిలుకు నేల చెక్కెయ్యాలి. కప్పుకీ, విరిగిపోయేవాటికీ అదనం.

గడ్డివైపు కిందికి పెట్టి రెండేసి పక్కపక్కన పేర్చాలి. ప్రతి మూడో వరస అడ్డంగా వెయ్యాలి, లేదంటే గోడ నిలువునా రెండు పొరలుగా విడిపోతుంది. కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు కిటికీ దగ్గర. చట్రం మీద ఖాళీ వదలకుండా బిగించేస్తారు. గోడ ఎండేకొద్దీ కిందికి కుంగుతుంది, ఆ బరువుకి అద్దం పగులుతుంది. నాలుగు వేళ్ల సందు వదిలి, గుడ్డపీలికలో గడ్డో కుక్కి, కుంగడం ఆగాక మట్టితో పూడ్చాలి.

గోడ కన్నా కప్పుతోనే తిప్పలు. దూలం మీద కొమ్మలు, గడ్డి, ఆపైన పెళ్లలు. ఒక రోజు వాన పడితే లోపల రెండు మూడు రోజులు బురదనీళ్లు కారేవి. పొయ్యి మీది గిన్నెల్లో మట్టి పడకుండా కప్పు కింద మస్లిన్ గుడ్డ కట్టుకునేవారు. తడిసిన కప్పు బరువుకి దూలం విరిగిన సందర్భాలూ ఉన్నాయి, అందుకే తెలిసినవాళ్లు గది మధ్యలో నిట్రాడ వేసేవారు. పాములూ ఎలుకలూ గోడలోనే కాపురం. ఒక్క సుఖం, వేసవిలో చల్లన, చలికాలంలో వెచ్చన. పొయ్యిలోకి మన పిడకల్లాంటివే, కాకపోతే చేత్తో చరిచినవి కావు, మైదానంలో ఎండిపోయిన అడవిదున్న పేడ.

తుమ్మచెట్టు:
చాలా థాంక్సండీ ఇద్దరికీ. ఇంకో చిన్న అనుమానం. ఆ భూమి మ్యాప్‌లో ఇంగ్లిష్ టీ అక్షరంలా కనిపిస్తోంది. 160 ఎకరాలంటే చదరం కాదా? పైగా ఆయన సైన్యంలోకి పోయాడంటారు, అప్పుడు ఇంట్లో ఉన్నదెవరు?

గట్టుతగాదా:
చదరమే అవ్వాలని లేదు. సెక్షన్ అనే 640 ఎకరాల సర్వే గడిని 40 ఎకరాల ముక్కలుగా విడగొడితే, ఆనుకుని ఉన్న నాలుగు ముక్కలు ఎంచుకోవచ్చు. సెక్షన్ 26లో ఫ్రీమన్ మూడు ముక్కలు వరసగా తీసుకుని, నాలుగోది మధ్యదాని పైన పెట్టుకున్నాడు. తలకిందులైన టీ. వాగూ చెట్లూ తన వాటాలోకి రావాలనే ఎత్తు అని నా ఉద్దేశం.

మామూలు చదరపు 160 ఎకరాలకి పక్క 2,640 అడుగులు. కొలత గొలుసు లేనివాళ్లు బండి చక్రానికి గుడ్డపీలిక కట్టి చుట్లు లెక్కపెట్టేవారు. చక్రం చుట్టుకొలత 14 అడుగులైతే 188 చుట్లు దాటి ఇంకో సగం. ఎగుడుదిగుడు నేల మీద చక్రం ఎక్కువ తిరుగుతుంది కాబట్టి హద్దు అసలు చోటుకి ముందే పడిపోతుంది. సర్వేవాళ్ల మూలరాయో మట్టిదిబ్బో వెతికి సరిచూసుకోకుండా ఇల్లు కట్టేస్తే, అది పక్కవాడి భూమిలో తేలొచ్చు.

పాతదస్తావేజు:
ఇంటి సంగతి: ఫ్రీమన్ భార్య ఆగ్నెస్ సూటర్, ఆవిడ ఊరు అయోవాలోని లెక్లేర్. ముందు డేనియల్ తమ్ముడు జేమ్స్‌తో పెళ్లి మాట అయ్యింది. జేమ్స్ అంతర్యుద్ధంలో పోయాడు. తర్వాత డేనియల్‌కీ ఆవిడకీ ఉత్తరాలు నడిచి 1865 ఫిబ్రవరిలో పెళ్లయింది. అంటే దరఖాస్తు పెట్టిన రెండేళ్లకి గానీ ఆవిడ కాపురానికి రాలేదు. సైన్యంలో చేసిన కాలాన్ని ఐదేళ్లలోంచి తీసేసే చట్టం 1872లో వచ్చింది, ఫ్రీమన్ పట్టాకి అది అందలేదు. డేనియల్ 1908లో, ఆగ్నెస్ 1931లో పోయారు. ఇద్దరి సమాధులూ ఆ పొలంలోనే. 1936లో ప్రభుత్వం ఆ స్థలాన్ని జాతీయ స్మారకం చేసింది.

ముసలితనంలో ఈయన వేసిన దావా ఒకటుంది, నన్నడిగితే పట్టా కన్నా అదే పెద్ద సంగతి. దగ్గర్లోని ఫ్రీమన్ బడిలో టీచరు బైబిల్ చదివించి, ప్రార్థన చేయిస్తోందని అభ్యంతరం పెట్టాడు. బడి బోర్డు కాదంది. కింది కోర్టులో ఓడిపోయి, 1902లో నెబ్రాస్కా సుప్రీంకోర్టులో గెలిచాడు.

పలుగూపారా:
ఒక్కటి వదిలేశాం. అది ఎవరూ లేని భూమి కాదు, ఓటో-మిస్సోరియా తెగ వాళ్లది. 1854 ఒప్పందంతో వాళ్లు అది వదులుకుని బిగ్ బ్లూ నది మీది రిజర్వేషన్‌కి పోయారు, 1881లో అక్కణ్నించి కూడా ఇప్పటి ఓక్లహోమాకి తరలించారు. ఫ్రీమన్ దరఖాస్తుకీ ఆ ఒప్పందానికీ మధ్య తొమ్మిదేళ్లు కూడా లేవు.