హైబ్రిడ్ బోర్డు మీటింగు: గదిలో ఉన్నవాళ్ళూ తలో ల్యాప్‌టాప్ తెరవాలా?

బసవనగుడి కార్యదర్శి: బెంగళూరులో మనవాళ్ళు నడిపే సెక్షన్ 8 కంపెనీ (లాభాపేక్ష లేని సంస్థ) మాది. డైరెక్టర్లు తొమ్మిదిమంది. ఐదుగురు ఆఫీసుకొస్తారు, నలుగురు వీడియోలో చేరతారు. గదిలో ఉన్న ఐదుగురూ ఎవరి ల్యాప్‌టాప్‌తో వాళ్ళు మీటింగులో చేరాలని ఒక ప్రతిపాదన వచ్చింది. అవసరమంటారా?

వైట్‌ఫీల్డ్ రావు: తెరవాల్సిందేనండి. గోడకో కెమెరా తగిలిస్తే అవతలివాళ్ళకు కనబడేవి నడినెత్తులే. ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరు తల అడ్డంగా ఊపారో తెలీదు. ఒక్క జాగ్రత్త: మ్యూట్ చేస్తే చాలదు, స్పీకరూ కట్టేయాలి. చేరేటప్పుడే ఆడియో వద్దని ఎంచుకోవాలి. లేదంటే ఒకరి స్పీకరు శబ్దం పక్కవారి మైకులో దూరి, మళ్ళీ స్పీకర్లోంచి వచ్చి, కీచుమంటుంది.

మల్లేశ్వరం శారద: నేనొప్పుకోను. ల్యాప్‌టాప్ తెరిచినవాళ్ళు పదో నిమిషానికి మెయిళ్ళలో ఉంటారు. టేబుల్ మధ్య ఒక కాన్ఫరెన్స్ స్పీకరు పెట్టండి, ప్రతి కుర్చీ దానికి మీటరున్నర లోపు ఉండాలి. కెమెరాను టీవీ కిందే, కూర్చున్నవారి కళ్ళ ఎత్తున బిగించండి. అప్పుడు టీవీ చూస్తున్నా ముఖాలు కెమెరా వైపే ఉంటాయి. సీలింగ్ ఫ్యాన్ ఆపండి, మైకుకు దాని హోరే ముందు వినబడుతుంది. చేతులెత్తినవారిని కనిపెట్టే పని ఒకరికి అప్పగించండి. మినిట్స్ (మీటింగు రికార్డు) రాసేవారికి మాత్రం వద్దు, రెండూ చెడతాయి. ప్రతి అంశంలో ముందు తెర మీదవాళ్ళను పేరుపెట్టి అడగాలి.

కంపెనీ చట్టం చూసేవాణ్ణి: ల్యాప్‌టాపుల సంగతి సరే, హాజరు ఎలా తీస్తున్నారు? కంపెనీల చట్టం కింద వచ్చిన 2014 బోర్డు మీటింగుల రూల్స్‌లో 3వ రూలు ప్రకారం వీడియోలో చేరిన ప్రతి డైరెక్టరూ మొదట్లోనే తన పేరు, ఉన్న చోటు, అజెండా కాగితాలు అందాయన్న మాట, తన దగ్గర ఇంకెవరూ వినడం లేదన్న మాట చెప్పాలి. అవుటర్ రింగ్ రోడ్డు మీద క్యాబులోంచి చేరేవాళ్ళు చివరి మాట ఎలా చెబుతారో! డ్రైవరు ముందే ఉంటాడుగా. ఉత్త ఫోను కాల్ హాజరు కాదు, బొమ్మా మాటా రెండూ ఉండాలి. ప్రతి అంశం చివర ఛైర్మన్ నిర్ణయాన్నీ, వ్యతిరేకించినవారి పేర్లనూ చదివి వినిపించాలి. డ్రాఫ్ట్ మినిట్స్ 15 రోజుల్లో అందరికీ పంపాలి, అభ్యంతరాలు చెప్పడానికి 7 రోజులు. తొమ్మిదిమందికి కోరం (ఉండాల్సిన కనీస హాజరు) ముగ్గురే గానీ, ఆ ముగ్గురూ మీటింగు సాగినంతసేపూ ఉండాలి.

వైట్‌ఫీల్డ్ రావు: శారద గారూ, ఫ్యాన్ మాట నిజమే. కానీ ఓటింగప్పుడైనా గదిలోవాళ్ళ ముఖాలు విడిగా కనబడొద్దా?

మల్లేశ్వరం శారద: ఓటు పేరు పిలిచి నోటితో చెప్పించండి, గదిలోవాళ్ళకూ అదే పద్ధతి. ముఖంతో పనేముంది?

వైట్‌ఫీల్డ్ రావు: చర్చకుంది. బడ్జెట్ మీద ఎవరు నసుగుతున్నారో తెర మీదవాళ్ళకూ తెలియాలి.

బసవనగుడి కార్యదర్శి: కరెంటు పోతే?

మల్లేశ్వరం శారద: ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది, రౌటర్‌కు ఉండదు. దాన్ని, కాన్ఫరెన్స్ స్పీకర్ని యూపీఎస్‌కు కలపండి. ఛైర్మన్ లైను తెగితే కుర్చీ ఎవరిదో మీటింగు మొదట్లోనే తేల్చుకోండి.