వేగం మారే ఎలక్ట్రాన్ వెలుగు: లార్మర్ చాలడా, ఫోటాన్ కావాలా?

మారతహళ్లి మాస్టారు:
ఆవేశిత కణం వేగం మారితే వికిరణం వస్తుంది. అది ఎంత వస్తుందో లెక్కకట్టే సూత్రం భౌతికశాస్త్రవేత్త లార్మర్ 1897లో ఇచ్చాడు, మరుసటి ఏడాదే లియెనార్ దాన్ని కాంతివేగం దగ్గరి కణాలకూ పనికొచ్చేలా చేశాడు. 1947లో జనరల్ ఎలక్ట్రిక్ ల్యాబులో సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లను గుండ్రంగా వేగంగా తిప్పే యంత్రం) వెలుగు కంటికే కనిపించింది. ఇందులో క్వాంటం, అంటే వెలుగు ఫోటాన్లనే విడివిడి ముక్కలుగా రావడం, ఎక్కడుంది? మన బెంగళూరు కోచింగుల్లో ‘క్లాసికల్ (ఫోటాన్లు రాకముందటి) లెక్క తప్పు’ అని పిల్లలకు నూరిపోయడం ఆపండి.

ఎక్స్‌రే గది:
మాస్టారూ, నేను ఇక్కడే ఆసుపత్రిలో మెడికల్ ఫిజిసిస్టుని. ఎక్స్‌రే ట్యూబుకి 80 కిలోవోల్టులు పెట్టి స్పెక్ట్రం (ఏ శక్తి ఎక్స్‌రే ఎంత వస్తుందో చూపే గ్రాఫు) తీస్తే అది 80 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర నేలకు దిగిపోతుంది, ఆ పైన ఏమీ ఉండదు. వోల్టేజి 100కి పెంచితే అంచు కూడా 100కి జరుగుతుంది. ఎలక్ట్రాన్లు ఢీకొనే టార్గెట్ లోహం మార్చినా కదలదు. డువేన్, హంట్ 1915లోనే చెప్పిన సంగతి ఇది. లార్మర్ సూత్రంలో ఆ అంచు ఎక్కడుందో చూపించండి.

యలహంక:
పరమాణువు మాటేమిటి? లార్మర్ లెక్కన కేంద్రకం చుట్టూ తిరిగే హైడ్రోజన్ ఎలక్ట్రాన్ వెలుగుతూ శక్తి పోగొట్టుకుని సెకనులో దాదాపు పదివేల కోట్లో వంతులో కేంద్రకంలో పడిపోవాలిగా.

మారతహళ్లి మాస్టారు:
నేను పరమాణువు ఊసే ఎత్తలేదు. సింక్రోట్రాన్ గురించి అడిగాను, దానికి జవాబివ్వండి.

ఎక్స్‌రే గది:
అక్కడా క్వాంటం ఉంది. ఎలక్ట్రాన్ ఒక్కో ఫోటానుగా వదిలేటప్పుడు తగిలే కుదుపుల వల్లే సింక్రోట్రాన్ రింగులో తిరిగే ఎలక్ట్రాన్ల బీముకి ఆ వెడల్పు ఉంటుంది. వెలుగు అవిచ్ఛిన్నంగా పోయేదైతే బీము అడ్డంగా సన్నబడిపోతూనే ఉండేది.

కోరమంగళ:
ఇద్దరూ ఒకే మాట అంటున్నారు కదండీ.

మారతహళ్లి మాస్టారు:
ఒకటి కాదు. ఎక్స్‌రే గదీ, చూడమ్మా, నా ఎమ్మెస్సీ వైవాలో లార్మర్‌తో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ బోర్డు మీద తేల్చాను. ‘ఇది పాత చింతకాయ పచ్చడి’ అని మార్కులు కోశారు. ఇప్పుడు మీరూ అదే అంటున్నారు.

ఎక్స్‌రే గది:
నన్ను అమ్మా గిమ్మా అనకండి. మీ మార్కులు నేను కోయలేదు. మా అక్క కొడుకు ట్యూషన్ నుంచి వచ్చి ‘పరమాణువులో ఎలక్ట్రానుకి త్వరణం లేదు, అందుకే వెలగదు’ అంటాడు. ఎందుకురా అంటే సార్ చెప్పారంటాడు. నా బాధ అది. సూత్రం చెప్పండి, కానీ హద్దు కూడా చెప్పండి. ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లో ఎలక్ట్రాన్ శక్తి 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు, వదిలే ఫోటానుది మామూలుగా కొన్ని కిలో ఎలక్ట్రాన్ వోల్టులే, కాబట్టి మీ లెక్క నిలబడుతుంది. నా ట్యూబులో ఒక్క ఫోటానే ఎలక్ట్రాన్ శక్తంతా పట్టుకుపోగలదు, అక్కడ నిలబడదు.

మారతహళ్లి మాస్టారు:
ఆ హద్దు చెప్పాలంటే ముందు సూత్రం చేతికి రావాలి. పదహారేళ్ల పిల్లాడు తానే లెక్క కట్టగలిగేది ఇదొక్కటే. నేను లార్మర్‌తోనే మొదలుపెడతాను.

ఎక్స్‌రే గది:
మొదలుపెట్టండి. అదే పీరియడులో ట్యూబు గ్రాఫు కూడా గీస్తారా లేదా?