మరణశిక్ష వేయించినవాడికి కిమ్ దే జుంగ్ క్షమాభిక్ష ఎందుకు ఒప్పుకున్నారు?

దక్షిణ కొరియా మాజీ అధ్యక్షుడు కిమ్ దే జుంగ్ జీవితం చదువుతుంటే ఒక చోట చిక్కుముడి పడింది. తెలిసినవారు విప్పగలరా?

1973లో ఆ దేశ గూఢచారి సంస్థ మనుషులే ఆయనను టోక్యో హోటల్ నుంచి ఎత్తుకుపోయారు. పడవలో కాళ్లూ చేతులూ కట్టి, సముద్రంలో తోసేయడానికి బరువులు కూడా తగిలించారు. చివరికి సియోల్‌లో ఇంటి దగ్గర వదిలేశారు. అది సైనిక నియంత పార్క్ చుంగ్ హీ కాలం. తర్వాత వచ్చిన మరో సైనిక నియంత చున్ దూ హ్వాన్ ఏమీ తక్కువ తినలేదు. 1980లో గ్వాంగ్జు నగరంలో సైనిక పాలనపై జనం చేసిన, సైన్యం రక్తపాతంతో అణిచేసిన తిరుగుబాటును కిమ్ నెత్తిన రుద్ది, సైనిక న్యాయస్థానం చేత మరణశిక్ష వేయించాడు. విదేశాల ఒత్తిడితో ప్రాణం దక్కింది.

1997 డిసెంబరులో అధ్యక్షుడిగా గెలిచీ గెలవగానే, సైనిక కుట్ర, గ్వాంగ్జు హత్యల కేసులో శిక్షపడి జైల్లో ఉన్న అదే చున్ విడుదలకు కిమ్ సరేనన్నారు. క్షమాభిక్ష పెట్టింది దిగిపోతున్న అధ్యక్షుడు కిమ్ యంగ్ సామ్. సమ్మతి మాత్రం ఈయనది. క్రైస్తవ విశ్వాసం ఒక్కటే కారణమంటే నాకు మింగుడు పడదు. అప్పుడు దేశం ఐఎంఎఫ్ ముందు చేయి చాచి ఉంది. చున్ సొంత ప్రాంతం గ్యోంగ్‌సాంగ్‌ను మచ్చిక చేసుకోవడమా? గ్వాంగ్జు మృతుల కుటుంబాలు దీన్ని ఎలా తీసుకున్నాయి? కొరియాలో ఉంటున్న తెలుగువారు ఎవరైనా అక్కడి మాట చెబితే మరీ మంచిది.