శాసనంలో లేనిది మైకులో చెప్పొచ్చా?

మెట్లబావి:
మా టౌన్ చరిత్ర సంఘంలో పోయిన ఆదివారం రుద్రమదేవి మీద ప్రసంగం పెట్టారు. వక్త బాగా మాట్లాడతారు, కాదనను. కానీ ఆమె గుర్రం మీంచి ఎలా పడిందో, వేటు ఎక్కడ తగిలిందో పక్కనుండి చూసినట్టే చెప్పుకుంటూ పోయారు. ఇదంతా ఎక్కడుందండీ అంటే చందుపట్ల శాసనంలో అన్నారు. నకిరేకల్ దగ్గరి ఆ శాసనం 1289 నాటిది. రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోక ప్రాప్తి కలిగిందని చెప్పి, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే బంటు దేవుడికి భూమి రాసిచ్చాడు. అంతే, యుద్ధం మాటే లేదు. ఆ సంగతి చెప్పేలోపే టైమైపోయిందని మైకు తీసేసుకున్నారు. రాయి మీద ఉన్నదేదో, తన ఊహ ఏదో వక్త విడదీసి చెప్పాలని రూలు పెట్టాలంటాను.

ఓరుగల్లు పిలగాడు:
అన్నా, యుద్ధంలో పోయిందన్నది ఆయన ఒక్కడు అల్లింది కాదు గదా. సామంతుడు అంబదేవుడు ఆమె మీద తిరగబడ్డ రోజుల్లో రాణీ సేనానీ ఒక్కసారే పోయారంటే ఇంకేమనుకోవాలి? పైగా వచ్చేదే ముప్పై మంది. శాసన పాఠం చదివి అర్థం చెబుతూ కూర్చుంటే వచ్చే నెల పది మంది కూడా రారు.

మెట్లబావి:
అనుకోవడానికి ఆధారం ఉంది తమ్ముడూ, నేనూ అలాగే అనుకుంటాను. 1290 త్రిపురాంతకం శాసనంలో మల్లికార్జునపతికి, అంటే ఆ సేనానికే, సప్తాంగాలు లేకుండా చేశానని అంబదేవుడు చెప్పుకున్నాడు. రాజ్యానికి చెప్పే సప్తాంగాల్లో, అంటే రాజు, మంత్రి, కోట, సేన లాంటి ఏడింటిలో, మొదటిది రాజే, అంటే ఇక్కడ రుద్రమ. ఇద్దరూ అతని చేతిలోనే పోయారన్న ఊహ అక్కణ్నుంచి వచ్చిందే. ఇంత చక్కటి చిక్కుముడి చేతిలో ఉండగా దాన్ని జనం ముందు విప్పకుండా కత్తివేటు కథ ఎందుకు?

పాత పంతులు:
జనం రారనే మాట నేను ఒప్పుకోను. మా ఊళ్లో ఒకాయన మాట్లాడ్డానికి ముందు శాసనం నకలు తెచ్చి చాప మీద పరిచారు. రాయి మీద తడికాగితం వేసి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది తీసిన కాగితం అది, నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి వంగి వేలు పెట్టి "ఇది శ్రీ" అని గుర్తుపట్టింది. ఆ తర్వాత గంటన్నర ఒక్కరూ లేవలేదు.

ఓరుగల్లు పిలగాడు:
సారూ, అట్ల నకలు పట్టుకొచ్చి చెప్పేవాళ్లు దొరికితే నేనే ముందు వరసలో కూర్చుంట. రూలు మాత్రం వద్దంట, పేరు లేని ఊరి వక్తలు భయపడి మైకు ముట్టుకోరు.