నామినీ తమ్ముడైతే డబ్బు ఎవరిది? అత్తగారి వాటా మాటేమిటి?

(దస్తావేజు, తీర్పరి, గళ్ళనుడి, పొలిమేర: మాట్లాడేవాళ్ల పేర్లు.)

దస్తావేజు: హిందూ కుటుంబం. పెద్దకొడుకు వీలునామా రాయకుండా పోయాడు. భార్య, ఇద్దరు మైనర్ పిల్లలు, తల్లి, తమ్ముడు ఉన్నారు. బ్యాంకులో 20 లక్షల డిపాజిట్, దానికి పెళ్లికి ముందు పెట్టిన నామినీ తమ్ముడే. సొంత సంపాదనతో కొన్న ఇల్లు ఒకటి ఉంది. "నామినీని నేను, డబ్బు నాదే" అంటాడు మరిది. "ఇంట్లో అత్తయ్యకేం సంబంధం?" అంటుంది కోడలు. ఎవరి మాట నిలుస్తుంది?

తీర్పరి: ఇద్దరిదీ నిలవదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి మొదటి తరగతి వారసులు, తలా ఒక వాటా. ఇక్కడ నాలుగు వాటాలు, డిపాజిట్లో అయిదేసి లక్షలు. తమ్ముడు రెండో తరగతి. పై తరగతిలో ఒక్కరున్నా అతనికి పైసా రాదు. నామినీ డబ్బు అందుకునేవాడే తప్ప సొంతదారు కాడు. కంపెనీ షేర్ల విషయంలోనూ 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు శక్తి యెజ్దానీ కేసులో ఇదే తేల్చింది.

గళ్ళనుడి: చట్టం సరే, డబ్బు మరిది ఖాతాలో పడ్డాక రాబట్టడం ఎవరి తరం? నామినీకి ఇచ్చేస్తే బ్యాంకు బాధ్యత తీరిపోతుంది. మిగతావాళ్లు ఉత్తరం రాసినా బ్యాంకు పట్టించుకోనక్కర్లేదు, కోర్టు ఆర్డరు చూపిస్తేనే ఆగుతుంది. కాబట్టి చెల్లింపు జరగకముందే స్టే తెచ్చుకోవాలి. పీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) దారి వేరు: పెళ్లయ్యాక పాత నామినేషన్ చెల్లదు, తమ్ముడి పేరున్నా సరే. ఇక బీమా. బీమా చట్టానికి 2015లో చేసిన సవరణ తర్వాత భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే డబ్బు వాళ్లకే దక్కుతుందా, లేక వారసులందరికీ పంచాలా అన్నదానిపై హైకోర్టులే ఒక్కమాట మీద లేవు.

దస్తావేజు: మరి ఇంటి సంగతి? అత్తగారి చేత విడుదల పత్రం, అంటే తన వాటా వదులుకుంటున్నట్టు పత్రం, రాయించుకుంటే తెగిపోదా?

పొలిమేర: రాయించుకోవడమే మంచిది. రేపు అత్తగారు కూడా వీలునామా లేకుండా పోతే ఆమె నాలుగో వంతులో మరిదికీ భాగం వస్తుంది. అప్పటికి మామగారు లేరనుకుంటే సగం మరిదికి, సగం పోయిన కొడుకు పిల్లలిద్దరికీ. కోడలికి అందులో ఏమీ రాదు. ఇంటిపన్ను రికార్డులో పేరు మారితే హక్కు వచ్చేసిందనుకోవద్దు, అది పన్ను కట్టడానికే. విడుదల పత్రం రిజిస్టర్ కావాలి, తెల్లకాగితం మీద వేలిముద్ర చెల్లదు.

తీర్పరి: ఇక్కడ నేను ఒప్పుకోను. కొడుకు పోయి నెల తిరక్కుండా తల్లి బొటనవేలికి సిరా పూయడం దారుణం. ఆమెకు వేరే ఆధారం లేకపోతే ఆ నాలుగో వంతే ఆమె బతుకు. ఇవ్వాలనుకుంటే మనవల పేర సెటిల్‌మెంట్ (బతికుండగానే ఆస్తి రాసిచ్చే పత్రం) రాసి, బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు తన దగ్గరే ఉంచుకోవాలి. తనను చూసుకోవాలన్న షరతు కూడా ఆ పత్రంలోనే ఉండాలి. అప్పుడే, చూడకపోతే 2007 వృద్ధుల సంరక్షణ చట్టం కింద రద్దు కోరడానికి బలం ఉంటుంది.

పొలిమేర: నెల తిరక్కుండా అన్నమాట ఒప్పుకుంటాను, సెటిల్‌మెంటే నయం. ఒకటి మర్చిపోవద్దు: మైనర్ల వాటాను తల్లి అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా కోర్టు అనుమతి ఉండాలి. లేకపోతే పిల్లలు పెద్దయ్యాక ఆ అమ్మకాన్ని కొట్టేయించవచ్చు. అందుకే కొనేవాళ్లు ఆ కాగితం లేనిదే అడ్వాన్సు కూడా ఇవ్వరు.