అప్‌డేట్: ట్రైలర్ ఫ్రిజ్‌లో గ్యాస్ మంట ఆరిపోవడం – కారణం దొరికింది

అమెరికాలోని ఆరిగన్ హై డెజర్ట్‌లో మాల్యూర్ వన్యప్రాణి శరణాలయం కంకర రోడ్లు తిరిగాక మా ట్రైలర్ (వాహనం వెనక లాగే క్యాంపింగ్ బండి) ఫ్రిజ్ ప్రొపేన్ గ్యాస్ మీద వెలిగి, కొద్ది నిమిషాలకే ఆరిపోతోందని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. "ముందు బర్నర్ చూడండి" అన్నవారిదే సరైన మాట.

మెకానిక్ వెనక గ్రిల్ తీస్తే బర్నర్ గొట్టం చీలికల మీద తుప్పు పెచ్చులు పేరుకుని ఉన్నాయి. గతుకుల రోడ్డు కుదుపుకి పొగగొట్టం లోపలి తుప్పు రాలి సరిగ్గా అక్కడే పడుతుంది. దాంతో మంట పసుపుగా, వంకరగా లేచి థర్మోకపుల్‌ని (మంట ఉందో లేదో వేడిని బట్టి పసిగట్టే కడ్డీ) తాకదు, దాంతో గ్యాస్ వాల్వ్ మూసుకుంటుంది. గ్యాస్ ఆపి, చల్లారాక బర్నర్ విప్పి, పొగగొట్టాన్ని పైనుంచి బ్రష్‌తో దులిపారు. జెట్‌ని (బర్నర్‌కి గ్యాస్ వదిలే సన్న రంధ్రం ఉన్న ముక్క) ఆల్కహాల్‌లో నానబెట్టి ఆరబెట్టారు. అందులో తీగ మాత్రం పెట్టకండి, రంధ్రం పెద్దదైతే జెట్ మార్చాల్సిందే. బిగించాక సబ్బునీళ్లతో లీక్ పరీక్ష తప్పనిసరి. ఇప్పుడు మంట నీలంగా, నిలకడగా ఉంది.

సముద్రమట్టం నుంచి ఎత్తుకి సంబంధం లేదు: అక్కడ సుమారు 4,100 అడుగులే, ఫ్రిజ్ మాన్యువల్ హెచ్చరిక 5,500 అడుగులు దాటితేనే. రెగ్యులేటర్ నుంచి వచ్చే గ్యాస్ పీడనం కూడా 11 అంగుళాలు (నీటి మట్టం కొలతలో), సరిగ్గానే ఉంది. థర్మోకపుల్ మార్చక్కర్లేకపోయింది.

ఫ్రిజ్ మళ్లీ గ్యాస్ మీదే నడవడంతో కరెంటు కోసం జనరేటర్ అవసరం తప్పడం పెద్ద మేలు. తెల్లవారుజామున శాండ్‌హిల్ కొంగల పిలుపు ఆ మోతలో వినపడదు.