అప్‌డేట్: పారిస్ సంతలో కొన్న మన్మథుడి బొమ్మ

పోయిన నెల అడిగాను కదా, పెదవులపై వేలు పెట్టుకున్న, గ్లేజ్ (గాజులాంటి మెరుపు పూత) వేయని తెల్ల పింగాణీ మన్మథుడు 18వ శతాబ్దంలో సెవ్ర్ అనే ఫ్రెంచి పింగాణీ కర్మాగారంలో చేసిన బొమ్మేనా అని. కాదట. ఇక్కడ పారిస్‌లోనే పాత పింగాణీ బాగా తెలిసిన ఒకాయనకు చూపించాను. ఇలాంటి మన్మథుడి అసలు శిల్పం చేసిన ఫాల్కొనే అనే శిల్పి 1757 నుంచి 1766 దాకా సెవ్ర్‌లో శిల్ప విభాగం చూసేవాడు. ఆ కాలపు బిస్కట్ పింగాణీకి (తినేది కాదు లెండి, ఇలా గ్లేజ్ వేయని పింగాణీ) మామూలుగా నీలి రంగు ‘ఎల్’ల గుర్తు (రెండు L అక్షరాలు పెనవేసిన సెవ్ర్ ముద్ర) వేసేవారు కాదు, ఉంటే గింటే మట్టిలో గీసిన అక్షరాలే. నేనేమో ఆ నీలి గుర్తు చూసే మురిసిపోయాను! 19వ శతాబ్దపు నకలు కావచ్చన్నారు. వేలు విరిగితే అతికించారట, అమ్మినాయన ఆ మాటే ఎత్తలేదు. గరుకు బొమ్మకి మురికి ఇట్టే పడుతుందని గాజు పెట్టెలో పెట్టాను. దీన్ని మాత్రం అమ్మేది లేదు, ముఖం బాగుంది.